ప్రోహాస్కా ఎంగిలి

ఇది అబద్ధమని అనుకునేవాళ్ళు ఇప్పుడే లేవండి. గ్లాసు కింద పెట్టి, నా ముఖం మీదే ఆ మాట అనండి. నేను ఆగుతాను.

ఎవరూ లేవరా? మంచిది. పోయిన ద్రాక్షల కాలంలో ఈ వైనుతోటలో ఇదే బల్ల దగ్గర ఒక పళ్ళ డాక్టరు లేచాడు. "వెస్సెలీ గారూ, ఇవన్నీ కోతలు" అన్నాడు. కథ సగంలో ఉండగానే బయటికి పరిగెత్తి ద్రాక్షతీగల మధ్య కక్కుకున్నాడు. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళలో వేళ్ళు పెట్టుకుని బతికే మనిషి! కాబట్టి ఆ పందికొవ్వు రాసిన రొట్టెలు ముందు తినేయండి. తిన్నాక వినండి.

నేను లియోపోల్డ్ వెస్సెలీని. వియన్నాలో పోల్డీ అంటే చాలు, ట్రాము నడిపేవాడు కూడా టోపీ తీస్తాడు. కొమ్ముబూర నా వాద్యం. వాద్యబృందంలో ఆ బూరలవాళ్ళలో మొదటి కుర్చీ నాది. నా ఊపిరి గురించి మీరు విని ఉంటారు, కానీ విన్నది తక్కువే. కుర్రతనంలో డాన్యూబ్ నదిలో ఈ గట్టున మునిగి ఆ గట్టున తేలాను. మధ్యలో చేపలవాళ్ళు నా ఆత్మశాంతికి ప్రార్థన మొదలెట్టేశారు, నేను తేలి "ఆమెన్" అన్నాను. ఒకసారి నాటకశాలలో గట్టిగా ఊదితే పై అంతస్తులో కూర్చున్న కౌన్సిలరు గారి విగ్గు ఎగిరి వెనక వరసలో ఒకావిడ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని కుక్కపిల్ల అనుకుని ఆట అయ్యేదాకా నిమురుతూ కూర్చుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అంత ఊపిరి ఉన్నవాణ్ణి నేను. ఆ రోజు నా ఊపిరి నాది కాకుండా పోయింది.

అర్ధరాత్రి కాదు. శ్మశానం కాదు. జనవరి నెల, పొద్దున్నే కాఫీ తాగి పనికి వెళ్ళాం. ఒట్టాక్రింగ్‌లో బీరు కాచే కార్ఖానా వెనక పాత నాట్యశాల ఒకటి ఉండేది. నాట్యాలు ఆగిపోయాక దాన్ని రికార్డింగులకి అద్దెకిచ్చేవాళ్ళు. నేల బాగుండేది, ధ్వని ఇంకా బాగుండేది. చలి మాత్రం చచ్చేంత. గోడల వెంట వేడినీటి గొట్టాలు ఉండేవి కానీ అవి టిక్కుటిక్కుమంటాయి. అందుకని రికార్డింగు మొదలవగానే వేడి ఆపేసేవాళ్ళు. వయొలిన్లవాళ్ళు వేళ్ళు కత్తిరించిన ఉన్ని తొడుగులు వేసుకుని వాయించేవాళ్ళు. మేము, ఇత్తడివాళ్ళం, బూర మూతిని, అంటే పెదవి ఆన్చి ఊదే ముక్కని, ఊడదీసి చంకలో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. లేకపోతే పెదవి దానికి అంటుకుపోయేంత చల్లబడుతుంది.

ఇంకో సంగతి కూడా చెబుతాను. గుర్తుపెట్టుకోండి. వాయిస్తుంటే బూరలో నీళ్ళు చేరతాయి. చూసినవాళ్ళు ఉమ్మి అంటారు. ఉమ్మి కాదు. మనిషి ఊపిరి చల్లటి ఇత్తడికి తగిలి నీరవుతుంది, అంతే. మధ్యమధ్య బూర తిప్పి ఆ నీళ్ళు నేల మీద ఒంపేస్తాం. ఎవరూ ఊదని బూరలో ఒక్క చుక్క కూడా ఉండదు.

ఆ రోజు మేము వాయించాల్సింది ఎగిడియుస్ ప్రోహాస్కా వదిలేసిపోయిన సింఫనీ.

ప్రోహాస్కా మా బూరల జాతివాడే. చక్రవర్తుల కాలంలో ఒక చిన్న నాటకశాలలో కొమ్ముబూర వాయించేవాడు. దవడ కుళ్ళే జబ్బు పట్టుకుంది. లవంగం నూనెలో ముంచిన గుడ్డ బుగ్గలో కుక్కుకుని వాయించేవాడట. ఆ కంపుకి పక్కవాళ్ళు కుర్చీలు జరుపుకున్నారు. తర్వాత అతని కుర్చీనే తెర వెనక్కి జరిపారు. ఆఖరికి బూర కూడా లాగేసుకున్నారు, దాన్ని మళ్ళీ ఎవరు ముట్టుకుంటారని. నోట్లో బూర లేకపోయేసరికి ప్రోహాస్కా కాగితం మీద వాయించడం మొదలెట్టాడు. రెండో అంకం చివర కొమ్ముబూర ఒక్కటే మిగులుతుంది. మిగతా అందరూ ఒక్కొక్కరే ఆగిపోతారు. బూర మీద ఒక్క పొడుగాటి స్వరం. స్వరాలు రాసే కాగితం మీద ఆ స్వరం నుంచి పక్క గడిలోకి ఒక వంపు గీత లాగాడు. దాని అర్థం మాకందరికీ తెలుసు: ఆపకు, అదే ఊపిరితో గీత దాటించు అని. పక్క గడి ఖాళీ. అక్కడే పోయాడు.

మా గురువు హావ్లిచెక్ ముసలాయన ఈ పాఠం చెప్పినప్పుడు నా చెవి మెలేసి మరీ చెప్పాడు. "ఆ గీత నీకు కాదురా. నీ గడి అవగానే నోరు తీసెయ్. మూతి తుడుచుకో. గీత అవతల ఎవరుంటారో నీకెందుకు?"

వియన్నాలో కొమ్ముబూర వాయించే ప్రతివాడికీ ఈ మాట తెలుసు. ఎవడూ గీత దాటడు.

కానీ ఆ రోజు మా ముందు నిలబడ్డవాడు వియన్నావాడు కాదు. డెట్లెఫ్ ఓల్డెన్‌కాట్, హాంబర్గు మనిషి. ఇలా ముందు నిలబడి వాద్యబృందాన్ని నడిపించేవాళ్ళకి మేం పెట్టుకున్న పేరు కర్రదొర. చేతిలో కర్ర తిప్పడం తప్ప చప్పుడు చేసే పని ఒక్కటీ చేయడు కదా.

"వెస్సెలీ గారూ, ఆ స్వరం కోసేయకండి" అన్నాడు. "గీత ఉంది కదా. మోసుకెళ్ళండి. మీ ఊపిరి ఉన్నంతసేపూ పట్టండి. రికార్డు మీద అది సన్నగా, సన్నగా మాయమైపోవాలి."

"అది మా పద్ధతి కాదండీ" అన్నాను.

"ఊపిరి సరిపోదంటే చెప్పండి. షోబర్ గారికి ఇద్దాం."

ఇగ్నాజ్ షోబర్ నా పక్క కుర్చీ. నాజ్ల్ అంటాం. మంచి మిత్రుడు, ఊపిరి మాత్రం పిచ్చుకది. వెనక డప్పులవాళ్ళు ఇకిలించారు. నాజ్ల్ నా చెవి దగ్గరకొచ్చి, "ఇచ్చెయ్ రా పోల్డీ, నీకు అరవై దగ్గరపడుతోంది. పాపం, ఆయాసం" అన్నాడు.

రికార్డు అట్ట మీద నా పేరు అచ్చు వేస్తామని కంపెనీవాళ్ళు అప్పటికే మాటిచ్చారు. 'కొమ్ముబూర: లియోపోల్డ్ వెస్సెలీ' అని. ఇన్నేళ్ళ వాయింపులో నా పేరు పడే మొదటి అట్ట. దాన్ని ఆ పిచ్చుకకి వదులుతానా?

"షోబర్‌కి సాసేజీ ఇవ్వండి, అది పట్టుకుంటాడు. స్వరం నేను పడతాను" అన్నాను.

ఎర్రదీపం వెలిగింది.

రికార్డింగుల్లో ఎర్రదీపం మాకు దేవుడు. అది వెలిగాక దగ్గకూడదు. కుర్చీ కిర్రుమనకూడదు. పాట అయిపోయినా సరే, చివరి ధ్వని గోడల్లో ఇంకి దీపం ఆరేదాకా విగ్రహాల్లా కూర్చోవాలి. ఒకసారి మా చెల్లో వాయించే ఆయన పాంటులోకి కందిరీగ దూరింది. ఆయన కన్నీళ్ళు కార్చాడు కానీ కాలు కదపలేదు.

మొదటిసారి వాయించాం. బ్రహ్మాండంగా వచ్చింది. నేను గీత దాటాను. ఖాళీ గడిలోకి నా స్వరం నడిచి, నడిచి, వెంట్రుకలా సన్నబడి ఆగింది. దీపం ఆరింది. వయొలిన్లవాళ్ళు కమానులతో స్టాండ్లు తట్టారు. ఆ చప్పట్లకి పైకప్పు సున్నం రాలింది అంటే నమ్మండి.

అప్పుడు గోడ మీది స్పీకరులోంచి ట్రౌడల్ గొంతు వచ్చింది. పక్క గదిలో అద్దం వెనక కూర్చుని టేపులు తిప్పే మనిషి ట్రౌడల్ కాస్పరెక్.

"బాగుంది, కానీ మళ్ళీ చేయాలి. చివర్లో ఎవరో నోరు చప్పరిస్తున్నారు."

అందరూ నాజ్ల్ వైపు తిరిగారు.

"నేను కాదు! నేనసలు ఏమీ తినలేదు!" అన్నాడు నాజ్ల్.

"నీ చొక్కా మీద ఆవాల ముద్ద ఉందిరా దరిద్రుడా" అన్నాను.

"అది నిన్నటిది!"

మళ్ళీ వేడి ఆపారు. నేను లేచి బూర ఒంపి కూర్చున్నాను. మూతిని చంకలో పెట్టుకోవడం మరిచిపోయి బూరకే వదిలేశాను. కర్రదొర ఏదో సవరిస్తూ నిలబడ్డాడు. ఆ చలికి నా మీసం గట్టిపడింది. ఇప్పుడు పెదవి ఆన్చగానే మంచుముక్కలా ఉంటుందని, పళ్ళు బిగించుకుని ఆన్చాను.

వెచ్చగా ఉంది.

వెచ్చగా... తడిగా. ఎవరో ఇప్పుడే నోరు తీసినట్టు.

మీకు ఇది ఎలా చెప్పను? కొమ్ముబూరవాడు కన్నతల్లికైనా తన బూర మూతి ఇవ్వడు. అది నా నోరు. దాని మీద పరాయి ఎంగిలి, గోరువెచ్చగా, జిగటగా నా పెదాలకి అంటుకుంది. లవంగం వాసన వచ్చింది. దాని అడుగున ఇంకో వాసన. పూలకుండీలో నీళ్ళు మార్చకపోతే కాడలు కుళ్ళి వస్తుందే, అది.

"నాజ్ల్," పళ్ళ మధ్య నుంచే గొణిగాను, "నా బూర ముట్టుకున్నావా?"

"ఛీ. నీ ఎంగిలి నాకెందుకురా?"

ఎర్రదీపం వెలిగింది.

తుడుచుకోవడానికి లేదు. వాయించాను. గీత దాటాను. ఆగాను. ట్రౌడల్ గొంతు ఈసారి కాస్త చిన్నగా వచ్చింది.

"మళ్ళీ ఉంది... ఈసారి స్వరం ఆగకముందే మొదలైంది. వెస్సెలీ గారూ, మీకు ఒంట్లో బాగానే ఉందా?"

నేను బూర తిప్పి ఒంపాను. నీళ్ళు పడలేదు. గుడ్డు తెల్లసొన లాంటిది ఒక తీగ, పచ్చగా, తెగకుండా, బూర నుంచి నేల దాకా సాగి వేలాడింది. దాన్ని తెంపడానికి బూట్లతో తొక్కాల్సి వచ్చింది. బూటుకి అంటుకుంది. నాజ్ల్ ముఖం పక్కకి తిప్పుకుని, ముక్కు మూసుకుని, మెల్లగా తన కుర్చీ జరుపుకున్నాడు.

ఇంకోడైతే అక్కడే బూర దింపేసేవాడు. నేను పోల్డీ వెస్సెలీని. మూతిని రుమాలుతో తుడిచాను, బ్రాందీతో కడిగాను, ఇంకో గుక్క నేను తాగాను. కర్రదొర కళ్ళు మెరుస్తున్నాయి. "ఈసారి ఇంకా పొడుగ్గా. మీరే ఆశ్చర్యపోయేంత" అన్నాడు.

ఆశ్చర్యపోయాను.

మూడోసారి. వయొలిన్లు ఆగాయి. చెల్లోలు ఆగాయి. పిల్లనగ్రోవి ఆగింది. నేను మిగిలాను. నా స్వరం గీత దాటింది. పట్టాను, పట్టాను. కడుపు అడుగు దాకా పిండాను. ఊపిరి అయిపోయింది. అయిపోయిందంటే చుక్క కూడా లేదు. ఇక ఆపుదామని పెదాలు సడలించాను.

స్వరం ఆగలేదు.

నేను ఊదడం లేదు. బూర మోగుతోంది. అదే స్వరం, వణుకు లేకుండా, నాకంటే బాగా... అవును, నాకంటే బాగా. ఈ ఒక్క మాట నేను ఇంకెవరి గురించీ అనలేదు.

నోరు తీయబోయాను. రాలేదు. చలికి అంటుకుపోయిందనుకుంటారు. మూతి వేడిగా ఉంది. అవతలి వైపు నుంచి రెండు పెదాలు నా పెదాలని పట్టుకుని ఉన్నాయి. మెత్తగా. ఒక పక్క మరీ మెత్తగా... లోపల ఎముక లేనట్టు.

అప్పుడు ఊపిరి వెనక్కి రావడం మొదలైంది.

బూరలోంచి నా నోట్లోకి. గోరువెచ్చటి గాలి. లవంగం, చీము, తడి గుడ్డ. నా బుగ్గలు నిండాయి. మింగకూడదనుకున్నాను. ఎంతసేపని? ఖాళీ అయిన ఊపిరితిత్తులు నా మాట వినలేదు. తాగాయి. ఆ కుళ్ళు ఊపిరిని గటగటా తాగాయి. గొంతులో పూత పూసినట్టు దిగింది. నాలుక మీద ఏదో కదిలింది. నా నాలుక కాదు.

చుట్టూ అంతమంది ఉన్నారు. పట్టపగలు. అందరూ నన్నే చూస్తున్నారు... ఎవరూ కదలరు. ఎర్రదీపం వెలుగుతోంది కదా! కర్రదొర చెంపల మీద ఆనందబాష్పాలు. డప్పులవాడు నోరు తెరిచి చూస్తున్నాడు. నేను నాజ్ల్ వైపు కళ్ళు తిప్పాను. పీకెయ్ రా. ఈ బూర పీకెయ్ రా. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ముఖం నల్లబడి ఉంటుంది.

నాజ్ల్ కన్ను కొట్టాడు.

గొప్పలు పోతున్నాననుకున్నాడు! జీవితమంతా నా గొప్పలు విన్నవాడు, ఇది కూడా ఒకటి అనుకున్నాడు. బూర నా చేతుల్లో బరువెక్కుతోంది. లోపల ఎవరో ముందుకి వంగినట్టు. ఇంకాస్త. ఇంకాస్త నా లోపలికి...

ఎర్రదీపం ఆరిపోయింది.

అంతే. పెదాలు వదిలాయి. చప్‌మని చప్పుడైంది, తడిగా. హాలంతా విన్నారు. నేను కుర్చీ మీద నుంచి కింద పడి, కర్రదొర నున్నటి బూట్ల మీద కక్కాను. కాఫీ వచ్చింది, బ్రాందీ వచ్చింది, తర్వాత నేను తాగనిది చాలా వచ్చింది. గోధుమరంగు నీళ్ళు. వాటిలో నానిన లవంగాలు. ఇంకో ముక్క.

"రొట్టె ముక్కలే, పొద్దున తిన్నది" అన్నాడు నాజ్ల్, తెల్లబోయిన ముఖంతో.

"రొట్టెకి వేళ్ళుంటాయారా?" అన్నాను.

మూడు వేళ్ళున్న దవడపన్ను అది. నల్లగా పుచ్చి, నడుమ బొక్క పడి. నా పళ్ళు అన్నీ నా నోట్లోనే ఉన్నాయి.

ట్రౌడల్ చెవుల మీది ఫోన్లు పీకేసి, దీపం ఆర్పి, పరిగెత్తుకుంటూ వచ్చింది. రికార్డింగు మధ్యలో దీపం ఆర్పడం ఆమె జన్మలో అదొక్కసారే. కర్రదొర ఆమె మీద అరిచాడు. "ఎందుకు ఆర్పారు? స్వరం ఇంకా మోగుతోంది!"

"వెస్సెలీ గారి స్వరం ఎప్పుడో ఆగిపోయింది" అంది ఆమె. "నాకు ఇద్దరి ఊపిరి వినబడింది. ఒకాయన లోపలికి పీలుస్తున్నాడు, ఇంకొకాయన..." ఆ టేపుని తన చేత్తోనే చెరిపేసింది. రికార్డు బయటికొచ్చింది. కొనుక్కుని వినండి. రెండో అంకం గీత దగ్గరే కోసినట్టు ఆగుతుంది. అట్ట మీద నా పేరు ఉంది. అది వింటూ నేను ఇంతవరకూ ఒక్క ముద్ద తినలేదు.

ఆ తర్వాత పదేళ్ళు వేరే బూర వాయించాను, మొదటి కుర్చీలోనే. ఆ పాతదాన్ని సోడాలో ఉడకబెట్టాను, స్పిరిటుతో కడిగాను, మూతి ఊడదీసి వేరే సంచిలో కట్టాను. పారేయొచ్చు కదా అంటారు. పారేస్తే ఎవడో ఒకడు ఏరుకుంటాడు. బూర దొరికినవాడు ఊదకుండా ఉంటాడా? రెండిటినీ ఒకే పెట్టెలో పెట్టి, పెట్టెని బీరువాలో పెట్టి, తాళంచెవి నా మెడలో వేసుకున్నాను. నేను బతికి ఉండగా దాన్ని ఇంకో నోరు తాకకూడదు. ఇన్నేళ్ళుగా నా పని ఇదొక్కటే.

పోయిన ఆదివారం నాజ్ల్ తన మనవరాలు వెరోనికాని వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. పిల్ల చక్కగా వాయిస్తుంది. సంగీత కళాశాలలో సీటు వచ్చింది.

"పోల్డీ తాతా, మీ పాత బూర నాకిస్తారా?" అంది.

"ఇవ్వను."

"చూశావా వ్రోనీ," అన్నాడు నాజ్ల్, "మాటలు దానం చేయమంటే చేస్తాడు, ఇత్తడి మాత్రం ఇవ్వడు. పిసినారి ముసలోడు."

"నీ కళ్ళముందే కక్కాను కదరా!"

"నువ్వు కక్కింది బ్రాందీ. ఆ కథ నువ్వు చెప్పగా చెప్పగా పన్ను కూడా వచ్చింది."

ఒళ్ళు మండింది. చూపిస్తాను, వాసన చూసి చావు, అన్నాను. బీరువా తెరిచాను. పెట్టె తెరిచాను. బూర ఎండిపోయి, నల్లబడి, అమాయకంగా పడి ఉంది. ఏ వాసనా లేదు. నాజ్ల్ పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. సరే, వీడికి గ్లాసుడు వైను తెద్దామని వంటింట్లోకి వెళ్ళాను. సీసా బిరడా తీస్తున్నాను.

ముందుగదిలోంచి ఆ స్వరం వినిపించింది.

ఏదో ఒక స్వరం కాదు. అదే. ప్రోహాస్కాది. ఆ పిల్లకి ఆ సింఫనీ ఎవరూ నేర్పలేదు.

సీసా నా చేతిలోంచి జారి పగిలింది. పరిగెత్తాను. మూతి కట్టిన సంచి విప్పేసి ఉంది. ఆ పిల్ల బూర దింపి, మూతి వైపు వింతగా చూస్తోంది. పెదాలు చేతి వెనకభాగంతో తుడుచుకుంది.

"ఇది వెచ్చగా ఉందేంటి తాతా?" అంది. "ఇందాకే మీరు వాయించారా?"

బూర ఇటివ్వమని చెయ్యి చాచాను. ఆ పిల్ల అలవాటుగా బూర తిప్పి ఒంపింది. తివాచీ మీద నీళ్ళు పడ్డాయి... పడుతూనే ఉన్నాయి. చాలాసేపు. గది నిండా లవంగం వాసన. నాజ్ల్ నవ్వు ఆపేశాడు. మెల్లగా, మనవరాలి పక్క నుంచి తన కుర్చీ జరుపుకున్నాడు.

ఇంకా అబద్ధమేనా? సాక్షి పేరు రాసుకోండి. వెరోనికా షోబర్. హెర్నాల్స్‌లో తాతగారింట్లోనే ఉంటుంది. ఫోను మాత్రం చేయకండి. సోమవారం నుంచి దవడ నొప్పట, బుగ్గకి గుడ్డ కట్టుకుని ఉంది, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఇంటికే వెళ్ళి అడగండి, వెరోనికా షోబర్ అని.